ఇంటికి తాళం

ఈ ఊళ్ళో చలి ఏపాటిదండీ,
ఒక పాత దుప్పటి, చెవులకి మఫ్లరు,
నెల తిరిగేసరికి పోతుంది.
రోహిణి అలా కాదు.
రోళ్ళు పగులుతాయంటారు.
రోలే లేని ఇంట్లో ఏం పగులుతుందో
ఎవరూ చెప్పలేదు.

పొద్దున ఏడింటికి చేతికిస్తారు లిస్టు.
సర్వీసు నంబరు, పేరు, ఎంత బాకీ, ఎన్నాళ్ళది.
వయసు రాయడానికి గడి లేదు.
ఇవాళ ఎండ ఎంతో రాయడానికీ లేదు.
సాయంత్రానికి పీకిన ఫీజుల లెక్క చెప్పాలి.
అంతే నా ఉద్యోగం, అదీ కాంట్రాక్టు.

క్రీస్తురాజపురం కొండమీద
నూటపద్దెనిమిది మెట్లెక్కితే
దావులూరి సలోమమ్మ, రెండు నెలలు, ఆరువందల నలభై.
పైన రేకు, వెనక గోడే కొండరాయి.
పగలంతా తాగిన ఎండని
రాత్రంతా ఇంట్లోకి వదుల్తుంది ఆ రాయి.
మధ్యలో ఒక టేబుల్ ఫ్యాను,
మెడ పట్టేసి ఒకవైపే చూస్తుంది.
ఆ ఒకవైపే మంచం వేసుకుంది.

"కూర్చో అబ్బాయ్, మెట్లెక్కొచ్చావు"
అని రెండు చేతుల్తో ఫ్యానెత్తి
నావైపు పెట్టింది.
నేనెందుకొచ్చానో తెలిసే పెట్టింది.

గవర్నరుపేటలో బైండింగు పనంట, ముప్ఫయ్యారేళ్ళు.
కరెంటు బిల్లులన్నీ పుస్తకం కుట్టింది,
కాలికో అట్ట, ఎర్రదారం, వీపున సంవత్సరాలు.
మూడు సంపుటాలు.
ఒక్క కాగితం జారలేదు, ఒక్క నెల తప్పలేదు.
చివర రెండు తెల్లకాగితాలు కుట్టి ఉంచింది,
రావాల్సిన రసీదులకి.

"పింఛనుకి వేలు పడట్లేదయ్యా" అంది.
చూపించింది.
మైదా జిగురూ అట్టముక్కలూ
మడతలు నొక్కే ఎముకముక్కా
తినేసిన వేళ్ళు. నున్నగా ఉన్నాయి, తుడిచిన పలకల్లా.
కార్డు మీద ఫొటో ఉంది, డెబ్బయ్యెనిమిదని ఉంది.
మెషీను మాత్రం
ఈమె ఈమె కాదంటోంది.

నా సంచిలో ఒక ఫీజుంది.
పోయిన రోహిణిలో వించిపేటలో పీకింది.
తెల్ల పింగాణీ, ఒక మూల నల్లగా.
ఆ పెద్దాయన దణ్ణం పెట్టలేదు, తిట్టలేదు,
"రేపు కడతా" అన్నాడు.
నాలుగోరోజు ఆ సందులో టెంటు వేసి ఉంది.
తిరిగి పెట్టమనడానికి
ఎవరూ రాలేదు.
స్టోర్సులో వాపసివ్వాలి. ఇవ్వలేదు.
మా ఆవిడ సంచి దులిపినప్పుడల్లా
ఇదేంటని అడుగుతుంది.
పనిముట్టంటాను.

సలోమమ్మకి నేనేం మాటివ్వలేదు.
మెట్లు దిగి,
జానెడు స్తంభం నీడలో ఒంటిభుజం పెట్టి
ఆమె పేరుకెదురుగా రాశాను:
ఇంటికి తాళం.
మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే.
రోహిణి పోవడానికింకా పదకొండు రోజులు.

ఐదోరోజు ఏఈగారు ఆ గడిమీద పెన్ను ఆనించి
"ఎక్కడికెళ్ళిందోయ్ ఈవిడ, ఇన్నాళ్ళు?"
"తెలీదు సార్. ఫ్యాను మాత్రం తిరుగుతోంది."
నోరు జారింది. ఇక జారాక ఆపడమెందుకని
డెబ్బై దాటినవాళ్ళ జోలికి
ఎండలు తగ్గేదాకా పోవద్దని పైకి రాయండి సార్,
కొండలన్నీ నేనెక్కి వయసులు రాసుకొస్తానన్నాను.
"గడి లేదు కదయ్యా."
"గీత గీస్తే గడే కదా సార్."
గదిలో ఏసీ చప్పుడొకటే వినిపించింది.
ఆయన వెళ్ళమన్నట్టు చెయ్యూపారు.
రేపట్నుంచి రావద్దనో, ఎండలోకి పొమ్మనో
ఆ చేతిలో నాకర్థం కాలేదు.

ఇవాళ కొత్త లిస్టు వచ్చింది.
సలోమమ్మ పేరు అలాగే ఉంది.
కాగితం అంచున, పైనుంచి కిందికి,
పెన్సిలుతో సన్నగా ఒక గీత.
స్కేలు పెట్టి గీసింది కాదు.
ఎవరు గీశారో అడగలేదు.
ఆమె పేరు పక్కన రాశాను: డెబ్బయ్యెనిమిది.

దాని కింది పేరు కట్టా బసవపున్నయ్య, మాచవరం కొండ.
వయసు తెలీదు.
మెట్లెక్కాలి.